దిబ్బ మీద పొగ

మొన్న బందరులో మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. లోకల్ ఛానల్ రిపోర్టరట. పేరు కిరణ్, పెడన వాళ్లబ్బాయి. వాళ్ల నాన్న కలంకారీ అద్దకం పని చేస్తాడనీ, తనకి ఆ రంగుల వాసన పడక ఈ ఉద్యోగంలో చేరాననీ కూర్చోగానే చెప్పాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఇచ్చిన మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు తనే తీసుకెళ్లి వంటింటి గట్టు మీద పెట్టి వచ్చాడు. అతను వచ్చిన కారణం ఇదీ. వెలుతురు కూడా మనిషి ఆయుష్షంత కాలం ప్రయాణం చేస్తే గానీ చేరలేని దూరంలో ఏదో గ్రహం ఉందనీ, దాని గాలిలో ఒక వాయువు జాడ కనిపించి ఉండవచ్చనీ శాస్త్రవేత్తలు చెప్పారు. మన భూమి మీద ఆ వాయువుని పుట్టించేది ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మజీవులు. మంగినపూడి వెళ్లినప్పుడు ముక్కుకి తగిలే సముద్రపు వాసనలో అదీ కొంత ఉంటుంది. ఇంకేం, పొద్దుటి నుంచి టీవీలన్నీ ఎర్రక్షరాలతో మోగిపోతున్నాయి. కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా, నాచేత రెండు ముక్కలు చెప్పించుకుందామని వచ్చాడు.

నాకు తెలిసినంత వరకు చెప్పాను. వాళ్లు చూసింది ప్రాణిని కాదు, నక్షత్రపు వెలుగులో ఒక చిన్న తరుగుని మాత్రమే అన్నాను. ఆ తరుగు ఆ వాయువు వల్లే వచ్చిందో లేదో ఇంకా తేలాలి, తేలినా ఆ వాయువు జీవం లేకుండానూ పుట్టగలదు, వేరేవాళ్లు మళ్లీ చూడాలి అన్నాను. "వాళ్లు 'కావచ్చు' అన్నారు బాబూ. మీరు ఆ కావచ్చుని తీసేస్తున్నారు."

"అయ్యో, తీసెయ్యమండీ మేడమ్. క్వశ్చన్ మార్క్ పెడతాం కదా," అన్నాడు కిరణ్, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

అక్కడ జీవం ఉందో లేదో ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. తెలియదన్నాను. తెలియదంటే టీవీలో వెయ్యడానికి బైట్ రాదండీ అని నవ్వి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ సాయంత్రం దీపం పెట్టే వేళ దాటినా లేవలేక కుర్చీలోనే ఉండిపోయాను. ఒక చలికాలమంతా ప్రశ్నార్థకం కింద బతికిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. అది మా ఇల్లే.

అప్పుడు మేం గుడివాడలో ఉండేవాళ్లం. నాన్న రైసు మిల్లులో గుమాస్తా. మిల్లులో ధాన్యం ఉడకబెట్టే వాసన గాలి మళ్లినప్పుడల్లా ఇంట్లోకి వచ్చేది. ఆ వాసన, అమ్మ పొట్టు పొయ్యి మీద కాచే డికాషన్ వాసన, తాతయ్య చేతిలోని కొత్త పేపరు వాసన, ఈ మూడూ కలిస్తే మాకు తెల్లారినట్టు. తాతయ్యకి పేపరు పైకి చదవడం అలవాటు. బెజవాడ నుంచి వచ్చే మొదటి బస్సులో కట్టలు దిగేవి. అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, ఒక కాడ విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకున్న కళ్లజోడుతో, మొదటి పేజీ పై వరస నుంచి సినిమా ప్రకటనల దాకా గట్టిగా చదివేవాడు. నాన్న నూతి దగ్గర పళ్లు తోముకుంటూ, అమ్మ వంటింట్లోంచి, నేను బడిసంచి సర్దుకుంటూ వినేవాళ్లం. మధ్యలో ఎవరైనా "నిజమేనంటారా?" అన్నారో, తాతయ్యకి కోపం వచ్చేది. "అచ్చులో పడిందంటే ఊరికే పడుతుందా? నలుగుర్నీ అడిగి మరీ వేస్తారు," అనేవాడు. ఆయన దృష్టిలో నోటిమాట గాలివాటు. అచ్చు మాత్రం రాతి మీద చెక్కినట్టే.

ఆ ఏడు రాజ్యం అత్తయ్య పురిటికి మా ఇంటికి వచ్చింది. నాన్నకి ఒక్కతే చెల్లెలు. ఆవిణ్ణి దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో ఇచ్చారు. మావయ్య అక్కడి బళ్లో మాస్టారు. ఆయన పేరు సత్యనారాయణ. నేనీ పేరు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ అత్తయ్య నోట ఒక్కసారి కూడా వినలేదు. భర్త పేరు పలకకూడదన్నది అప్పటి ఆడవాళ్ల పట్టింపు. ఎవరైనా అడిగితే నవ్వుతూ, "అన్నవరం దేవుడి పేరండీ," అనేది. పెద్ద పిల్లవాడు రవికి నాలుగేళ్లు. వాడు వాళ్ల నాన్నని వదిలి ఉండడు. బస్సు ఎక్కేటప్పుడు మావయ్య మెడ పట్టుకుని దిగనంటే, "సరే, వాడు నాతోనే ఉంటాడులే. చెల్లెలు పుట్టాక ఇద్దరం కలిసి వస్తాం," అన్నాడట మావయ్య. అత్తయ్య ఈ మాట మా అమ్మకి చాలాసార్లు చెప్పింది. ముందు సంతోషంగా, తరవాత తరవాత ఇంకోలా.

ఆ చలికాలం మొదట్లో ఉప్పెన వచ్చింది. గుడివాడలో మాకు గాలి, వాన, ఎగిరిపోయిన పెంకులు. దివిసీమ మీద మాత్రం సముద్రమే లేచి వచ్చి పడింది. దారులు తెరుచుకోగానే నాన్న బయల్దేరి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు పెరటి గుమ్మంలోంచి వచ్చి, నన్ను దగ్గరికి రావద్దని చెయ్యి ఊపి, నూతి దగ్గర కుంకుడుకాయలతో ఒళ్లు ఎర్రబడేలా రుద్దుకున్నాడు. విడిచిన బట్టలు అమ్మ కర్రతో ఎత్తి తగలబెట్టింది. ఇల్లు ఉన్నచోట ఇల్లు లేదు, బడి ఉన్నచోట బడి లేదు, మనుషులు దొరకలేదు. అంతే చెప్పాడు. ఆ వారంలోనే అత్తయ్యకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడుపు విని ఇంట్లో అందరూ ఏడ్చారు. అత్తయ్య ఒక్కతే ఏడవలేదు. దొరకలేదంటే పోయారని కాదుగా అంది.

అయినా నెమ్మదిగా ఆవిడ కళ్లు నిజం వైపు తిరుగుతున్నాయని అమ్మ తరవాత చెప్పేది. రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ సమయంలోనే, ఒకనాడు పొద్దున్న తాతయ్య అరుగు మీద పేపరు విప్పి, ముందు తను చూసుకోకుండా అలవాటు చొప్పున పైకి చదివేశాడు. "దిబ్బ మీద పొగ. ప్రాణాలతో ఎవరైనా ఉన్నారా?" కృష్ణ సముద్రంలో కలిసేచోట మడచెట్లు పెరిగిన చిన్న చిన్న దిబ్బలు ఉంటాయి. వాటిలో ఒకదాని మీద పొగ లేవడం లాంచీలో వెళ్తున్నవాళ్లు చూశారు, కొట్టుకుపోయినవాళ్లు కొందరు అక్కడ తలదాచుకుని ఉండవచ్చు అని రాశారు. తాతయ్య చదవడం ఆపి తల ఎత్తేసరికి, బాలింత గదిలోంచి బయటికి రాకూడని అత్తయ్య పసిపిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకోసారి చదువు నాన్నా," అంది.

తాతయ్య చదివాడు. ఇంకోసారి అంది. మళ్లీ చదివాడు. అత్తయ్య ఆ రోజు రెండు పూటలా అన్నం తింది. పాలు పడాలి కదా అని అడిగి మరీ వెల్లుల్లి కారం వేయించుకుంది.

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు మారిపోయింది. పరామర్శకి వచ్చిన ఆడవాళ్లని అత్తయ్య గుమ్మం దగ్గరే ఆపేసేది. బొట్టు ఇంకాస్త పెద్దది పెట్టేది. పిల్లకి బారసాల చెయ్యాలని అమ్మ అంటే, "ఆయన వచ్చి బియ్యంలో పేరు రాస్తారు వదినా. తండ్రి ఉండగా మనం రాయడమేంటి?" అనేది. అందుకని పిల్లకి పేరు లేదు. పాప, పాప అనే పిలిచేవాళ్లం. పొద్దున్నే పేపరు వచ్చేసరికి అత్తయ్య అరుగు మెట్టు మీద ఉండేది. దిబ్బ గురించి ఇంకేమైనా వేశారా అని చూసేది. రెండో రోజు లేదు. వారం తరవాతా లేదు. లేకపోవడాన్ని కూడా ఆవిడ తనకి తోచినట్టే అర్థం చేసుకుంది. "కాదని తేలితే వేసేవాళ్లుగా!"

నాన్న ఊరుకోలేకపోయాడు. మిల్లుకి సెలవు పెట్టి వెళ్లి, ఆ లాంచీ నడిపిన మనిషిని వెతికి పట్టుకున్నాడు. "పొగ చూశానన్నానండీ. మనుషుల్ని చూశానని నేననలేదు," అన్నాడట అతను. ఇంకా అడిగితే తెలిసింది. అలలు ఆ దిబ్బకి తెచ్చి పడేసిన పశువుల్నీ మనుషుల్నీ, మోసుకు రావడానికి వీల్లేక, సాయానికి వచ్చినవాళ్లు అక్కడే దహనం చేశారు. ఆ పొగ అది. నాన్న అక్కడి నుంచి బందరు వెళ్లి, ఆ వార్త రాసిన విలేకరిని కలిశాడు. ఆయన గడ్డం మాసి, కళ్లు లోతుకు పోయి, మనిషి నిలబడలేకుండా ఉన్నాడట. నాన్న చెప్పింది విని, "మేం ఉన్నారని రాయలేదండీ. ఉన్నారా అని అడిగాం," అన్నాడట. మరి లేరని వెయ్యండి, మా చెల్లెలు అచ్చులో చూస్తే గానీ నమ్మేలా లేదు అని నాన్న బతిమాలితే, "లేరని రోజూ వేస్తూనే ఉన్నాం గదండీ. ఆ ఒక్కటీ ఇంకోసారి ఎందుకు," అని తల దించుకున్నాడట. నాన్నకి ఆ మనిషిని తిట్టబుద్ధి కాలేదు. ఎన్నో శవాల గురించి రాసి రాసి, ఒక్కరోజైనా ఇంకేదో రాయాలని ఆశపడి ఉంటాడు అనేవాడు.

ఇంటికి వచ్చి చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అత్తయ్య పాపని ఒడిలో ఊపుతూ అంతా వింది. "నువ్వు చూశావా అన్నయ్యా, దిబ్బ?"

"లేదు. చూసినవాళ్లు చెప్పారు."

"వాళ్లకీ చూసినవాళ్లే చెప్పారుగా," అంది పేపరు వైపు చెయ్యి చూపిస్తూ.

ఆ తరవాత తాతయ్య పేపరు పైకి చదవడం మానేశాడు. పడక్కుర్చీలో ముడుచుకుని పెదాలు కదుపుతూ చదువుకునేవాడు. మా పొద్దుటి వేళల్లోంచి ఆయన గొంతు వెళ్లిపోయింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, నూతిలో చేద తగిలిన చప్పుడు అరుగు మీదికి వినిపించేది.

శివరాత్రికి ముందు, చలి తగ్గుతున్న రోజుల్లో అత్తయ్య తనే అడిగింది, దిబ్బ దగ్గరికి తీసుకెళ్లమని. తాతయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పసిపిల్ల తల్లివి, పడవెక్కుతావా? మతి ఉందా అమ్మాయ్?"

"నువ్వు చదివితే విన్నాను నాన్నా. అన్నయ్య చెబితే విన్నాను. ఇంక వినడం నావల్ల కాదు. చూడాలి," అంది. ఆవిడ గొంతు పెంచలేదు. తాతయ్య కూర్చుండిపోయాడు.

పాపని ఎత్తుకోవడానికి నన్ను కూడా తీసుకెళ్లారు. పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు వెళ్తుంటే పొలాలు పచ్చగానే ఉన్నాయి. అవనిగడ్డ దాటాక రంగు మారింది. ఉప్పు కక్కిన నేల తెల్లగా మెరుస్తోంది. తలలు తెగిన తాటిచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. నాగాయలంకలో నాన్న ఒక పడవాయన్ని మాట్లాడాడు. వెడల్పు భుజాల పెద్దమనిషి. ఎక్కడికని అడిగి, అత్తయ్య ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా గెడ తీశాడు. నీళ్ల మీద మధ్యాహ్నపు ఎండ. గాలిలో ఉప్పు, బురద, కుళ్లిన ఆకు కలిసిన వాసన. ఇప్పటికీ సముద్రం దగ్గరికి వెళ్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోజే.

దిబ్బ పెద్దదేం కాదు. చుట్టూ మడచెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, మధ్యలో కొంచెం ఇసుక మేట. ఒకచోట ఇసుక నల్లగా ఉంది. నాన్న అటు చూడకుండా నా ముందు నిలబడ్డాడు. అత్తయ్య ఆ నలుపు దగ్గర చాలాసేపు నిలుచుంది. తరవాత చెట్ల వైపు తిరిగి, కొంగు నడుముకి దోపుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పిలిచింది.

"సత్యనారాయణ గారూ!"

నాన్న తల పక్కకి తిప్పుకున్నాడు. "సత్యనారాయణ గారూ! ఒరే రవీ! నాన్నా రవీ!" పిలుపు నీళ్ల మీదుగా వెళ్లింది. చెట్లలోంచి కొంగలు కొన్ని లేచి చుట్టూ తిరిగి మళ్లీ వాలాయి. తరవాత అందరం విన్నాం. పడవాయన గెడ నీళ్లలో కదలకుండా పట్టుకున్నాడు. నా భుజం మీద పాప కూడా ఏడవలేదు. పెద్ద పెద్ద యంత్రాలు ఆకాశం వైపు చెవి పెట్టి వింటాయని తరవాత కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు, ప్రతిసారీ నాకు ఆ దిబ్బ మీద మేం విన్న తీరే గుర్తొచ్చేది.

అప్పుడు నాకు వినిపించింది. మడచెట్ల లోపలి నుంచి, సన్నగా, ఒక్కసారి. "అమ్మా" అన్నట్టే ఉంది. పిట్ట కావచ్చు, బురదలో గాలిబుడగ పగిలిన చప్పుడు కావచ్చు, కొమ్మలు రాసుకున్న చప్పుడూ కావచ్చు. అత్తయ్య గభాల్న నావైపు తిరిగింది.

"నీకేమైనా వినపడిందా అమ్మలూ?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన నీళ్ల వైపు చూస్తున్నాడు. "లేదత్తయ్యా," అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. భయపడ్డాననుకుంటాను.

అత్తయ్య నన్ను చాలాసేపు చూసి, పడవాయన్ని అడిగింది. "ఈ దిబ్బ మీద మంచినీళ్లు ఎక్కడైనా ఉంటాయా బాబాయ్?"

"ఎక్కడివమ్మా. చుట్టూ ఉప్పే. మేం కూడా కుండతో తెచ్చుకుంటాం," అన్నాడు ఆయన.

"తవ్వితే?"

"తవ్వినా ఉప్పేనమ్మా."

అత్తయ్య వంగి దోసిట్లో నీళ్లు తీసుకుంది. నోట్లో పోసుకుని, ఒక్క క్షణం ఉంచుకుని ఉమ్మేసింది. "పద అన్నయ్యా," అంది. తిరుగుదారిలో పాపని నా దగ్గర్నుంచి తీసుకుని పాలిచ్చింది.

మర్నాడు తలంటుకుని, పళ్లెంలో బియ్యం పోసి తాతయ్యని పట్టుకోమంది. నాన్న ఉంగరం అడిగి తీసుకుని, బియ్యంలో తనే 'రమ' అని రాసింది. తండ్రి రాయాల్సిన చోట తల్లి రాయడమేమిటని చుట్టాల్లో గొణుగుడు బయల్దేరితే, "రాయాల్సినాయన లేరండీ," అంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదలు. అప్పుడు ఏడ్చింది అత్తయ్య. మూడు నెలల ఏడుపు ఒక్కసారే వచ్చింది. అమ్మ ఆవిణ్ణి పట్టుకుని కూర్చుంది. నేను పాపని పట్టుకుని కూర్చున్నాను.

తరవాత అత్తయ్య ట్రైనింగ్ చేసింది. ఘంటసాలలో టీచరుగా రిటైరయింది. రమని చదివించి పెళ్లి చేసింది. నేను ఫిజిక్స్ చదివి కాలేజీలో చేరాను. ఆకాశంలో వింత వెలుగని, అన్యగ్రహం నుంచి సంకేతమని, రాతిలో పురుగు అచ్చని ఎప్పుడు ఏ వార్త వచ్చినా పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు. ఎవరు చూశారు, దేంతో చూశారు, ఇంకేమై ఉండొచ్చు అని నేను మొదలుపెట్టేదాన్ని. వెనకాల నన్ను 'లేదు మేడమ్' అని పిలిచేవారు. వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకూ బాగుండేది కాదు. ఎక్కడో ఇంకెవరైనా ఉండాలని కోరుకోవడంలో తప్పేముంది? ఆ కోరికని నేను దగ్గర నుంచి చూశాను, దానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. దాన్ని తెలిసి తెలిసీ ఊరించేవాళ్లంటేనే నాకు భయం. అప్పట్లో పేపరు రోజుకి ఒక్కసారి వచ్చేది. అది ఒక ప్రశ్న వేస్తే ఆ ప్రశ్నతోనే అన్నం తిని, దాంతోనే పడుకునేవాళ్లం. ఇప్పుడు నిమిషానికో ప్రశ్న. పొద్దున్న అడిగింది మధ్యాహ్నానికి ఎవరికీ గుర్తుండదు. జవాబు కోసం ఎవరూ ఆగరు కాబట్టి, కాదని తేలిన సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మనుషులకి ఏది మేలో, ఆ ఎదురుచూపో ఈ మరుపో, నేను తేల్చుకోలేకపోతున్నాను.

అత్తయ్య ఆఖరి రోజుల్లో గుడ్లవల్లేరులో రమ ఇంట్లో ఉండేది. ఒక ఆదివారం చూడటానికి వెళ్లాను. భోజనాల వేళ. టీవీలో ఎక్కడి నక్షత్రం నుంచో రేడియో సంకేతం వచ్చిందని, అది ఎవరో పంపిందేమో అని ఊదరగొడుతున్నారు. అత్తయ్య మంచం మీద దిండుకి ఆనుకుని కన్నార్పకుండా చూస్తోంది. "నిజమేనంటావా?" అంది.

"ఇంకా చూడాలత్తయ్యా. మనం వాడే ఫోనో, వంట పొయ్యో కూడా ఒక్కోసారి అలాంటి సంకేతం ఇస్తుంది."

తల ఊపింది. టీవీ గొంతు తగ్గించమంది. తగ్గించి వచ్చి పక్కన కూర్చున్నాక, నావైపు చూడకుండా అడిగింది. "ఆ రోజు నీకు వినపడింది కదూ?"

అన్నేళ్లలో మేమిద్దరం ఆ దిబ్బ గురించి ఒక్క మాట అనుకోలేదు. నేను కాదనలేకపోయాను. "వినపడిందత్తయ్యా."

"నాకూ వినపడిందే."

"మరి ఎలా తిరిగొచ్చేశావు?"

"మంచినీళ్లు లేవుగా," అంది. "నెలల పిల్ల నీ చేతుల్లో ఉంది. వినపడిందాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతే దానికెవరు?" అంది. ఆవిడ ముఖంలో ఏడుపు లేదు. ఎన్నో ఏళ్లుగా ఒకే లెక్కని రోజూ వేసి సరిచూసుకున్న మనిషిలా ఉంది.

లోపల్నుంచి రమ పిలిచింది. "అమ్మా! అన్నం పెట్టేశాను, రా."

అత్తయ్య పలకలేదు. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలకకపోవడం ఆవిడకి ఎప్పటి నుంచో అలవాటు. వినికిడి తగ్గిందని రమ పిల్లలు నవ్వేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం పక్కనే కూర్చుని చూస్తే తెలిసింది, ఆవిడకి శుభ్రంగా వినిపించింది. తల కొంచెం పక్కకి వంచి, ఊపిరి బిగబట్టి, ఆ గొంతు ఎవరిదో తేల్చుకుంటోంది.

"అమ్మా!" అంది రమ మళ్లీ.

"ఆఁ, వస్తున్నానే," అని అత్తయ్య లేవడానికి నా చెయ్యి అందుకుంది.